మేకుకి చోటు

ఆ రోజు పొద్దున ఆకాశం వానకి సిద్ధమై, మళ్లీ మనసు మార్చుకుంది. తూర్పు నుంచి మబ్బు దట్టంగా వచ్చి నాలుగు చినుకులు రాల్చి వెనక్కి జరిగింది. పందేల బాట మీద మట్టి తడిసిందీ కాదు, ఆరిందీ కాదు.

నేను లాయంలో చుక్క ముందుకాలు మోకాళ్ల మధ్య ఇరికించుకుని వంగి ఉన్నాను. గుర్రాలకి లాడాలు కొట్టడం నా పని. చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రం. దాని తలతాడు పట్టుకుని పెద్దాయన నిలబడ్డాడు. పుట్టిన నాలుగో రోజు నుంచీ దాన్ని సాకింది ఆయనే.

"ఆదివారం పరుగెత్తితే ఉంచుతాను, లేదంటే అమ్మేస్తాను" అని యజమాని చెప్పి వారమైంది. ఎవరికి అని పెద్దాయన అడగలేదు. వయసైన గుర్రాన్ని బండికి కట్టేవాళ్లే కొంటారని ఆయనకి తెలుసు.

ఆదివారం పందెం ఉందో లేదో చెప్పాల్సింది ప్రభుత్వం. అనుమతి కాగితం ఏటా చడీచప్పుడూ లేకుండా వచ్చేది. ఈ ఏడు ఉపఎన్నిక వచ్చిపడింది. పందేలు సంసారాలు కూలుస్తున్నాయని మంత్రి ఒక సభలో అన్నాడు, ఆపేశారు. లాయాల వెనక ఇళ్లలో ఎన్ని ఓట్లున్నాయో ఎవరో చెవిన వేస్తే, ఇస్తామన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఆలోచిస్తామన్నాడు.

రోజువారీ సాధనకి గుర్రానికి బరువైన ఇనుప లాడాలుంటాయి. పందేనికి అవి ఊడదీసి పలచటి అల్యూమినియంవి వేస్తాం. మార్చినప్పుడల్లా గిట్ట అంచున కొత్త చిల్లులు పడతాయి. అవి కిందికి దిగి అరిగిపోవడానికి నెలలు కావాలి. మంత్రి కారు నడిపేది మా బావమరిది. అనుమతి వచ్చిందనో ఆగిందనో అతను ఫోన్ చేసినప్పుడల్లా నేను సుత్తి తీశాను. కాగితం చూసి కొట్టాల్సింది. మాట మీద కొట్టాను. అలా నెలలో ఐదుసార్లు.

బయట మోటారుసైకిల్ ఆగింది. బావమరిది కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"బావా! ఈసారి మాట కాదు. ఇదిగో, ముద్రతో సహా!"

"సంతకం ఆయనదేనా?"

"నా కళ్లముందే పెట్టాడు, కారు బానెట్ మీద."

"ఆయన్ని ఒకసారి ఇటు తీసుకురారా. నాలుగు లాడాలు కొడతాను, కాస్త ఒకచోట నిలబడతాడు."

ఈ వారంలో మొదటిసారి పెద్దాయన నవ్వాడు. "రెండే కాళ్లుగా, తక్కువలో అయిపోతుంది" అన్నాడు.

"నీ ఎకసెక్కాలు తర్వాత. ముందు పని కానీ బావా."

నేను సుత్తి కొనతో గిట్ట అంచుని మెల్లగా తట్టాను. రస్కు ముక్కలా పెళుసుగా ఊడి నా తోలుగుడ్డ మీద పడింది. పక్కన తట్టాను. అక్కడా అంతే. ఇనుప లాడాలు ఊడదీసిన నాలుగు గిట్టలూ చూశాను.

"మేకుకి చోటు లేదు" అన్నాను.

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "రెండు మేకులు తక్కువ కొట్టు నాయనా. ఒక్క పందెమేగా."

"కదలకుండా నిలబెడితే లాడం ఆగుతుంది. మలుపు దగ్గర గిట్ట చీలుతుంది. తర్వాత చుక్క లేవదు."

"నువ్వు కాదంటే యజమాని ఇంకొకణ్ని పిలుస్తాడు బావా. వాడు కొడతాడు" అన్నాడు బావమరిది. బెదిరించడం కాదు, ఉన్నమాటే అన్నాడు.

పెద్దాయన చుక్క మెడ నిమిరాడు. తర్వాత తాడు బావమరిది చేతికిచ్చి, తనే వంగి కాలు ఎత్తి పట్టుకున్నాడు.

"గిట్టలు రాసెయ్" అన్నాడు. "ఎవడొచ్చినా మేకు దిగనంత పొట్టిగా రాసెయ్. బండి లాగినా బతికుంటుంది."

ఆకురాయి తీసుకున్నాను. నాలుగు గిట్టల అంచులూ చిల్లులతో సహా రాసేశాను. తెల్లటి పొడి మా పాదాల మీద రాలింది. చుక్క ఒట్టి కాళ్లతో నేల మీద నిలబడి, ఒక్కో అడుగూ కొత్తగా వేసి చూసుకుంది.

బావమరిది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. "నేను ఫోన్ చేయకుండా ఉండాల్సింది" అని గొణిగాడు. పెద్దాయన గడ్డిమోపు జరిపి అతనికి చోటిచ్చాడు.

మా ఆవిడ పంపిన క్యారియర్ విప్పి మూడు వాటాలు పెట్టాను. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం. చుక్క పక్కనే గడ్డి నములుతోంది.