తాలియా వచ్చింది

వేసవంతా కొండమీదే గడిపిన కోసిమో సెప్టెంబరులో ఒక ఉదయం గాడిదమీద గొర్రెపాల జున్ను బుట్టలు వేసుకుని ఊళ్లోకి దిగాడు. నాలుగు నెలలుగా అతను మాట్లాడింది కుక్కతోనే.

రెండేళ్ల కిందట అతని కూతురు నతాలియా పగడాలు తీసే పడవవాడి వెంట వెళ్లిపోయింది. ఇంట్లో ముద్దుగా తాలియా అనేవాడు. ఆ ఆదివారం కోసిమో చర్చి మెట్లమీద నిలబడి, ఆ పేరు తన చెవిన వేసినవాళ్ల ముఖం చూడనని అందరి ముందూ అనేశాడు. ఊరు ఆ మాట నిలబెట్టింది. పక్కింటి పిల్లదీ అదే పేరు. కోసిమో కనబడితే దాని తల్లి "ఒసే" అని పిలిచి ఊరుకునేది. వద్దన్నది తనే కాబట్టి, ఇక చాలని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

బావి మలుపు దగ్గర గంటలు వినిపించాయి. వెనకే కేకలు.

"తాలియా వర్ధిల్లాలి! తాలియా వర్ధిల్లాలి!"

గాడిద ఆగింది. ఆపింది తనేనని కోసిమోకు తెలియలేదు. టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. చొక్కాకు అంటిన గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరేశాడు. తర్వాత గాడిదను అదిలించాడు.

నడిబజారు నిండా జనం. మంగలి విటో కుర్చీ ఎక్కి మూడు రంగుల గుడ్డ ఊపుతున్నాడు.

"విటో, ఎక్కడుంది?"

"ఎవరు మామా?"

కోసిమో ఆ పేరు పలకలేదు. "అదే... మీరంతా పిలుస్తున్నారే."

"తాలియానా! వచ్చేసింది మామా! ఇక మనల్ని వదిలిపోదు!"

"బాగుందా?"

"దానికేం, దివ్యంగా ఉంది!"

"ఒక్కతే వచ్చిందా?"

"కొత్త రాజును వెంటేసుకుని వచ్చింది!" జనం గొల్లుమన్నారు.

"తిన్నదా ఏమైనా? మెత్తటి జున్ను తెచ్చాను. అది ఇష్టంగా..."

నవ్వు ఇంకా పెద్దదయింది. రొట్టెలు కాల్చే అసుంతా మాత్రం నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టి పక్కకు తీసుకెళ్లింది.

"మామా, అది మనిషి కాదు. దేశం. ఇటాలియా. మన నోళ్లలో నలిగి తాలియా అయింది. ముక్కలైన దేశాన్ని కలుపుతామన్న ఎర్రచొక్కాల సైనికులు రాజధాని నేపుల్స్ చేరారు, పాత రాజు పారిపోయాడు. ఇకమీద అందరం ఒకటేనట."

"అందరమా?"

"అట్లాగే చెప్తున్నారు."

"సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు కూడానా?"

"వాళ్లూను."

కోసిమో బుట్టమీది ఆకులు సర్దాడు. అవి సర్దుకునే ఉన్నాయి.

"అసుంతా, నా కూతురి కబురేమైనా..."

"తెలియదు మామా. నువ్వు వద్దన్నావని ఎవరినీ అడగలేదు."

కుర్చీమీదినుంచి విటో అరిచాడు. "ఏం కోసిమో మామా! పాత రాజు మీద బెంగా? నువ్వూ ఒక్క కేక వెయ్యి!"

అందరూ ఇటు తిరిగారు. కోసిమో టోపీ తీసి గుండెలకు అదుముకున్నాడు. కొండమీద తప్పిపోయిన గొర్రెను పిలిచేటప్పటిలా గొంతెత్తి అరిచాడు. మళ్లీ అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. ముసలాయన కూడా మారాడని మంగలి మురిసిపోయాడు.

పక్కనే నిలబడిన అసుంతా తల వంచుకుంది. కోసిమో వర్ధిల్లాలి అనలేదు. పేరొక్కటే పిలిచాడు.