బోర్డెక్కిన పేరు

ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్ తెలుగు బడిలో నాలుగో తరగతికి సుందరి లీడరు. మాస్టారు ఆఫీసు గదికి వెళ్తే చాలు, ఆ పిల్ల చాక్‌పీసు పట్టుకుని బెంచీల మధ్య తిరగాలి, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయాలి. ఆమె కాళ్ల పట్టీలు ఘల్లుమంటే పిల్లలు నోళ్లు మూసుకునేవారు. పేరు బోర్డెక్కితే గొంతు పోతుంది మరి. రాసిన చెయ్యే చెరిపితేగాని తిరిగి రాదు. నిరుడు దుర్గాపూజ సెలవుల ముందు అప్పటి లీడరు ఒకడి పేరు చెరపడం మరిచిపోతే, వాడు సెలవులన్నాళ్లూ మూగగా తిరిగాడు. ఇల్లు హాయిగా ఉందని వాళ్లమ్మ సంతోషించింది కూడా.

సుందరికి మాత్రం ఆ చాక్‌పీసంటే భయం. అంతకన్నా గురువులు మాస్టారంటే భయం.

"బోర్డు ఖాళీగా ఉందంటే ఏటర్థం? లీడరు నిద్దరోతోందని. అప్పుడు బెత్తం నీకే," అనేవారాయన.

ఆ శనివారం తరగతిలో ఎవరూ నోరు విప్పలేదు. వరండాలో మాస్టారి చెప్పుల చప్పుడు దగ్గరైంది. బోర్డు మీద ఒక్క పేరూ లేదు. అప్పుడే లలిత్ పక్కవాణ్ణి రబ్బరు అడిగాడు, అదీ గుసగుసగా. సుందరి గబగబా వాడి పేరు రాసేసింది. లలిత్ ఏదో అనబోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

ఒంటిపూట బడి కదా, గంట కొట్టగానే అందరూ పరుగు తీశారు. ఇంటికెళ్లి అన్నానికి కూర్చోబోతూ చెయ్యి కడుక్కుంటుంటే సుందరి వేళ్లకు సుద్ద కనిపించింది. పేరు చెరపలేదు. బడి తాళంచెవితో సహా మాస్టారు టికియాపారాలో తన ఇంటికి వెళ్లిపోయి ఉంటారు, సోమవారం దాకా రారు.

లలిత్ వాళ్ల మామ్మ అమ్మన్నమ్మకు చూపు లేదు. శనివారం మధ్యాహ్నాలు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, డాక్ రోడ్డు దాటి అవతలి కూలీల ఇళ్ల లైన్లలో అమ్ముకొస్తుంది. రెండు చేతులూ గంప మీదే ఉంటాయి. లారీల రొదలో ఏది దగ్గరో ఏది దూరమో చెవికి తెలియదు. మనవడు ముందు నడుస్తూ "రా మామ్మా, ఆగు మామ్మా" అని అరుస్తుంటే ఆ గొంతు వెంటే వెళ్తుంది.

సుందరి అన్నం వదిలేసి పరుగెత్తింది.

అమ్మన్నమ్మ మనవణ్ణి పిలిచి పిలిచి, ఆటలకు పోయాడనుకుని ఒక్కతే బయలుదేరింది. వెనక నుంచి లలిత్ చీర కొంగు పట్టి లాగుతున్నాడు.

"ఎవుడ్రా అది? గంప మీద కన్నేసినావేటి? పో," అని విదిలించుకుని ఆవిడ రోడ్డు మీదికి అడుగేసింది. కుడివైపు నుంచి కంటైనరు లారీ వచ్చేస్తోంది.

సుందరి అప్పుడే అక్కడికి చేరింది. "ఆగు మామ్మా" అని అరిచింది. అరిచింది తనే గాని, వచ్చిన గొంతు లలిత్‌ది.

ముసలమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. లారీ గాలికి గంప మీది గుడ్డ లేచింది.

"ఎక్కడ సచ్చేవురా ఇంతసేపూ?"

"ఇక్కడే ఉన్నాను మామ్మా. రా," అంది సుందరి ఆ గొంతుతోనే. తనే ముందు నడిచింది. లలిత్ పక్కనే నడుస్తూ ఏ ఇంటి ముందు ఆగాలో వేలితో చూపించాడు.

సోమవారం బడి తెరవగానే పేరు చెరిపేసింది. ఎవరి గొంతు వాళ్లకొచ్చింది. ఆ రోజు మాస్టారు ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి తరగతి సంతలా ఉంది, బోర్డు ఖాళీగా ఉంది.

"ఎవులూ మాట్లాడలేదేటే?"

"మాట్లాడేరండి. నేను రాయనండి."

రెండు దెబ్బలు పడ్డాయి, లీడరు బ్యాడ్జీ కూడా పోయింది. సుందరి నొప్పికి ఏడ్చింది, ఇంట్లో ఏమంటారోనన్న భయానికి ఇంకా ఏడ్చింది.

మళ్లీ శనివారం సుందరి వాళ్ల గుమ్మం ముందుకు ఎండుచేపల వాసన వచ్చింది. గంపతో అమ్మన్నమ్మ, పక్కన లలిత్.

"లీడరమ్మ ఉందేటి?"

"నేనిప్పుడు లీడర్ని కాదు మామ్మా," అంది సుందరి తలుపు చాటు నుంచి.

"అదేటో నాకు తెల్దు. పోయిన వారం ఇనపడింది మావోడి గొంతే. కానీ మావోడి కాళ్లకి పట్టీలు లేవు కదే."

అంతా తెలిసిపోయిందనుకుంది సుందరి. తిట్ల కోసం కళ్లు మూసుకుంది.

అమ్మన్నమ్మ గంప సర్దుకుంది. "లారీలు ఎక్కువున్నాయి. రా, ముందు నడు."