సమితి ఆఫీసు ద్వారా

పొద్దున ఏడయ్యేసరికి ఆదెమ్మ బిందె పట్టుకొని రైతుల బావి దగ్గర నిలబడేది. బావిలో నీళ్ళున్నాయి, గిలకుంది, చేద ఉంది. ఆమెకు చేతులూ ఉన్నాయి. అయినా చేద ముట్టకూడదు. రైతు ఇంటి ఆడకూతురు ఎవరైనా వచ్చి, దయ పుట్టి, పైనుంచి పోస్తే బిందె నిండుతుంది. లేకపోతే లేదు. ఏడో నెల కడుపుతో ఆమె అట్లా గంటసేపు నిలబడుతుంటే ఊళ్ళో ఒక్కరికీ అది తప్పుగా తోచలేదు. ఆమె భర్త బాలశౌరి అదే ఊళ్ళో బడిపంతులు. ఆ రైతుల పిల్లలకు అక్షరాలు దిద్దించేది ఆయనే. అయితేనేం? ఊరి వెలుపలి పల్లె వాళ్ళు పల్లె వాళ్ళే! స్వరాజ్యం వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు కావస్తోంది, చదువరులారా.

క్రోసూరుకు నాలుగు మైళ్ళలో ఉంది ఆ ఊరు. పేరెందుకులెండి, అలాంటి ఊళ్ళు మనకు కొరతా?

అది అరవై రెండో సంవత్సరం, అసెంబ్లీ ఎన్నికల కాలం. పోటీ చేసిన ఇద్దరిలో ఒకడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్యకు స్వయానా బావమరిది. రెండోవాడు నరసింహారావు అనే ప్లీడరు. గెలిస్తే పల్లెలో మంచినీళ్ళ బావి తవ్వించడమే తన మొదటి పని అన్నాడు. పక్క ఊరి పల్లెలో దగ్గరుండి తవ్వించిన మనిషి గనుక జనం నమ్మారు. బాలశౌరి మరీ నమ్మాడు. సాయంత్రాలు చర్చి అరుగు మీద కూర్చొని, ముద్ర ఎక్కడ వెయ్యాలో, కాగితం ఎట్లా మడవాలో ముసలీముతకకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఎవరడిగినా చూపించొద్దు. మీ ఓటు మీదే," అనేవాడు.

ఇంతలో ఆయనకు మాచర్ల దగ్గర ఒక ఊళ్ళో ఎన్నికల డ్యూటీ పడింది. అటువంటి వాళ్ళు పోస్టులో ఓటు వేయవచ్చునని నరసరావుపేట శిక్షణ క్లాసులో చెప్పారు. దరఖాస్తు పెట్టుకుంటే ఓటు కాగితం ఇంటికి వస్తుంది. ముద్ర వేసి, ఇది తన ఓటేనని చెప్పే డిక్లరేషను కాగితం మీద గెజిటెడ్ ఆఫీసరు ఎదుట సంతకం చేసి, కవర్లో పెట్టి పంపాలి. బాలశౌరి పొంగిపోయి అక్కడికక్కడే ఫారం నింపాడు. కాగితం ఏ అడ్రసుకు పంపాలన్న చోట మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

అయ్యా, ఆ కాలపు బడిపంతులు సెలవు చీటీ రాసినా, సుద్దముక్కలు కావాలన్నా, కాగితం పైవాళ్ళ ద్వారానే పోవాలి, పైవాళ్ళ ద్వారానే రావాలి. నేరుగా రాస్తే అవిధేయత. పదేళ్ళుగా ఒంటబట్టిన అలవాటు అది. బళ్ళకు అప్పుడు పైవాళ్ళంటే సమితి ఆఫీసే. ఆయన చెయ్యి తనంతట తానే 'సమితి ఆఫీసు ద్వారా' అని గుండ్రటి అక్షరాలతో రాసేసింది. పక్కన కూర్చున్న పంతుళ్ళూ చూసి అట్లాగే రాశారు.

రోజులు గడిచాయి. కవరు రాలేదు. తపాలా బంట్రోతు దావూద్ సైకిలు కనిపిస్తే చాలు, మాస్టారు బడి వదిలి బయటికి వచ్చేవాడు. పోలింగు నాలుగు రోజుల్లో ఉందనగా దావూదే సైకిలు దిగి చెప్పాడు.

"మాస్టారూ, మీ పేరుది సమితి ఆఫీసులో ఇచ్చి చానా రోజులైంది. ఒక్క మీదేనా, ఒక పెద్ద కట్ట! ఆ ఆఫీసు అడ్రసు ఎందుకు రాశారు? మీ ఇంటిది రాస్తే మీ చేతికే ఇచ్చేవాణ్ణి గదా!"

 బాలశౌరి చొక్కా మార్చుకోకుండానే సమితి ఆఫీసుకు నడిచాడు. లక్ష్మీనరసయ్య బల్ల మీద కవర్లన్నీ చించి పెట్టి ఉన్నాయి.

"అయ్యా, నా కవరు తమరి దగ్గరుందంట. ఇప్పిస్తే..."

"ఇయ్యకేం మాస్టారూ? ఇదిగో, ఈ డిక్లరేషను మీద సంతకం పెట్టు. సాక్షి సంగతీ, ముద్ర సంగతీ మేం చూసుకుంటాం. అందరూ పెట్టారు, నువ్వే ఆఖరు."

"నా ఓటు నేనేసుకుంటానయ్యా."

"ఏసుకో, ఎవరొద్దన్నారు? ఏసుకొని మాచర్ల అవతల అడవి అంచున బడి ఒకటి ఖాళీగా ఉంది, ఆడికి పో. జిల్లా పరిషత్తులో నా మాట ఒక్కటి చాలు. నీ పెళ్ళానికి నెలలు నిండుతున్నయ్యంటగా? ఆ అడివిలో మంత్రసాని గూడా దొరకదు మరి."

మొదటి రెండు కాన్పులూ దక్కలేదు. ఈసారి పురుడు ఆసుపత్రిలోనే జరగాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఉంది. బాలశౌరి కలం తీశాడు. సంతకం ఎప్పటిలాగే చక్కగా పడింది.

ఇంటికి వచ్చి చెబితే ఆదెమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"నా కోసం పెట్టావా? నన్నడిగావా? అడివిలో అయితే అడివిలోనే కనేదాన్ని గదయ్యా! పల్లెంతా నీ మాట నమ్ముకొనుంటే, నువ్వేందయ్యా నీ ఓటు వాళ్ళకిచ్చి వచ్చావు?"

ఆ మాట పడలేక మర్నాడు బస్సెక్కి నరసరావుపేటలో ఎన్నికల ఆఫీసుకు పోయాడు. అక్కడి గుమాస్తా అంతా విని, తెల్లకాగితం ముందుకు తోశాడు.

"ఎవరు బలవంతం చేశారో పేరుతో రాసివ్వండి మాస్టారూ, ఇవ్వాళే విచారిస్తారు."

కలం పట్టుకొని అరగంట కూర్చున్నాడు. పేరు రాయలేకపోయాడు. తెల్లకాగితం తెల్లగానే తిరిగి ఇచ్చి, డ్యూటీకి మాచర్ల బస్సెక్కాడు. పిరికితనం ఒకసారి అలవాటైతే రెండోసారి పెద్ద కష్టమనిపించదు.

పల్లె జనం మాట తప్పలేదు. ముసలి హన్నమ్మను మంచం మీద మోసుకొచ్చి మరీ ఓటేయించారు. పెట్టెల్లో పడిన ఓట్ల వరకు నరసింహారావు ఇరవై రెండు ఓట్లు ముందున్నాడు. పోస్టులో వచ్చిన నలభై ఒకటీ ప్రెసిడెంటు బావమరిదికే పోయాయి. పంతొమ్మిది ఓట్లతో అతను గెలిచాడు. ఆ నలభై ఒక్కమందీ బడిపంతుళ్ళే, ఊరికి చదువు చెప్పేవాళ్ళే!

ఎదురు ఓటేసిన పాపానికి పల్లె బిందెలు తమ బావి దరికి రాకూడదన్నారు రైతులు. ఇక వాగు నీళ్ళే గతి. ఆ ఎండాకాలం పల్లెలో వాంతులూ విరేచనాలూ పుట్టి ముగ్గురు పసివాళ్ళు పోయారు. ముగ్గురిలో ఒకతె ఆసుపత్రిలో సుఖంగా పుట్టిన ఆదెమ్మ కూతురు. దానికి రెండు నెలలు.

బాలశౌరి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని ఆదెమ్మ ఎన్నోసార్లు అనుకుంది.

అరవై ఏడులో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. శిక్షణ క్లాసులో ఫారాలు పంచుతుంటే ఒక కుర్ర పంతులు కలం ఆపి అడిగాడు. "మాస్టారూ, అడ్రసు సమితి ఆఫీసుది రాస్తే సరిపోద్దిగా?"

బాలశౌరి లేచి నిలబడ్డాడు. అయిదేళ్ళలో ఆయన జుట్టంతా నెరిసింది. పైవాళ్ళ ఎదుట ఎన్నడూ గొంతెత్తని మనిషి ఆనాడు హాలంతా వినిపించేలా మాట్లాడాడు.

"మీ ఇంటి అడ్రసు రాయండి నాయనా. కవరు మీ చేతికి రావాలి, ముద్ర మీరే ఎయ్యాలి, మీ చేత్తోనే పోస్టు డబ్బాలో ఎయ్యాలి. ఎవరన్నా బెదిరిస్తే వాడి పేరు రాసివ్వండి. నేను రాయలేదు. మనం రాసే ప్రతి కాగితానికీ పై అధికారి ఉంటాడు, ఓటు కాగితానికి లేడు. ఉన్నాడనుకొని సంతకం పెట్టాను, నా బిడ్డను నేనే పూడ్చుకున్నాను."