అరగని టైరు

టైరుకు సన్మానం జరగడం మీరెప్పుడైనా చూశారా, పాఠకులారా? మోటారు సైకిళ్ళ మీద ఇంటింటికీ సరుకు చేర్చే ఆ పార్సిల్ డిపోలో ఏటా జరుగుతుంది. ఎక్కువ కిలోమీటర్లు తిరిగి కూడా అరగని టైరు ఏ బండిదో చూసి, ఆ బండిని వేదిక ఎక్కించి, చక్రానికి రిబ్బను కడతారు. ఈ ఏడు కట్టింది పట్టు రిబ్బను. పట్టు లేని టైరుకు పట్టు రిబ్బనన్నమాట! ఆ సంగతి తెలిసినవాడు సభలో ఒకడున్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నది అతనే.

అతన్ని అందరూ రబ్బరన్న అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ డిపోలో టైర్లు విప్పడం, ఎక్కించడం అతని పని. "గాలి నింపి బతికేవాణ్ణి, గాలి కబుర్లు చెప్పకపోతే ఎలా?" అంటూ అందరినీ నవ్విస్తుంటాడు. ఆ రోజు అతని చప్పట్లకు కారణం వేరు. రిబ్బను కట్టిన బండి అదే డిపోలో రైడరుగా పార్సిళ్ళు పంచే అతని చెల్లెలిది. ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు ఒకే వెనక టైరు! ఇది ఆమెకు రెండో రిబ్బను. రెండు రిబ్బన్లు గెలిచినవాళ్ళకు ఎండా వానా తగలని కౌంటరు పని ఇస్తారు. వచ్చే నెల నుంచి ఆమెకు కుర్చీ.

టైరు మార్చమని ముందుగా అడిగినవాళ్ళ పేర్లు మాత్రం గేటు పక్కన నల్లబల్ల మీదికి ఎక్కేవి. బల్ల పైన పెద్ద అక్షరాలతో "వృథా చేయువారు" అని ఉండేది. అందుకే ఎవరూ అడిగేవారు కారు.

ఈ టైరు డిపోకు వచ్చిన వైనం మీకు చెప్పాలి. మూడేళ్ళ కిందట మేనేజరు రెండు టైర్లు ముందు పెట్టి, "ఏది ఎక్కువ కాలం వస్తుందయ్యా?" అని అడిగాడు. రబ్బరన్న రెండింటినీ గోటితో నొక్కి చూశాడు. ఒకటి మెత్త రబ్బరు. అది రోడ్డును కరుచుకుంటుంది, తొందరగా అరుగుతుంది. రెండోది గట్టి రబ్బరు. అది రెట్టింపు కాలం వస్తుంది గానీ, తడి రోడ్డు మీద జారుతుంది. ఇదంతా అతని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగింది అరుగుదల గురించే కదా! "ఈ గట్టిది సార్" అన్నాడు. మేనేజరు భుజం తట్టాడు. ఆ తట్టుకు మిగతా నిజం గొంతులోకి జారిపోయింది.

సన్మానమైన నాలుగో రోజు మధ్యాహ్నం సన్నగా చినుకులు పడ్డాయి. మలుపులో ఒక ముసలాయన అడ్డమొచ్చాడు. చెల్లెలు బ్రేకు వేసింది. చక్రం ఆగింది, బండి ఆగలేదు. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. ఆమె మధ్యాహ్నం జారింది. సాయంత్రానికి మెమో జారీ అయింది. నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు సంజాయిషీ ఇవ్వాలట!

ఆసుపత్రిలో ఆమె ఏడవలేదు. కోపంగా ఉంది.

"స్పీడుగా పోలేదన్నయ్యా, ఒట్టు. ఆ పెద్దాయన్ని తప్పించాను. నాకు బండి నడపడం రాదని రాస్తున్నారట. కాలు విరిగితే విరిగింది, నా పనితనం కూడా పోవాలా?"

"ఎవడమ్మా అన్నది?"

"కౌంటరు కుర్చీ ఇంకెవరికో అంటున్నారు. అది కాదు గానీ, టైరేమైనా తేడా చేసిందా? నువ్వు మంచిదన్నావుగా?"

రబ్బరన్న కట్టు కట్టిన కాలి వంక చూశాడు. "మంచిదని అనలేదమ్మా. ఎక్కువ కాలం వస్తుందన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

ఏ ప్రశ్నకైనా చమత్కారంగా జవాబిచ్చే మనిషి వంగి, ఆ కాలి కింద దిండు సర్దాడు.

మర్నాడు పొద్దున మేనేజరు డిపోలో చెల్లెలి బండి పక్కన వంగి, టైరు గీతల లోతు కొలిచాడు.

"మూడు మిల్లీమీటర్లు! పెళ్ళికూతురిలా ఉంది టైరు. తప్పంతా నడిపినావిడదే. టైరు బాగుందని ఇక్కడ సంతకం పెట్టవయ్యా."

"గీతలు చూసి ఆడమనిషి తలరాత రాసేస్తున్నారేంటి సార్? రబ్బరు చూడండి. గోరు దిగుతుందేమో నొక్కండి."

"నాకవన్నీ తెలీవు."

"తెలీదా?" రబ్బరన్న గొంతు షెడ్డంతా మోగింది. రైడర్లు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. "మీ సొంత బండికి మెత్త రబ్బరు వేయించుకున్నారుగా! ఎక్కించింది నేనే. 'వానాకాలం, ఇంట్లో పిల్లలున్నారు' అన్నారు మీరు. వీళ్ళకు లేరా పిల్లలు?"

"ఎక్కువ మాట్లాడకు. సంతకం పెడతావా లేదా?"

"ఇరవై ఏళ్ళు రబ్బరు పని చేశాను సార్. రబ్బరు స్టాంపు పని చెయ్యలేదు."

అంటూనే నీళ్ళ గొట్టం లాగి, పార్సిళ్ళు దించే సిమెంటు వాలునంతా తడిపేశాడు. చెల్లెలి బండిని వాలు పైకి తోసుకెళ్ళి నిలబెట్టాడు. "హ్యాండిలు వంకర తీశాను. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. పెళ్ళికూతురిలాంటి టైరు కదా, ఊరేగండి! సగంలో బ్రేకు వెయ్యండి. బండి ఆగితే ఆ కాగితం మీదే కాదు, నా నొసట కూడా సంతకం పెడతా."

మేనేజరు వాలును చూశాడు, నీళ్ళను చూశాడు. ముప్పైమంది తనను చూడటం కూడా చూశాడు.

"నాకేమన్నా పిచ్చా? కిందపడితే?"

ఎవరూ నవ్వలేదు.

రబ్బరన్న కాగితం తీసుకుని అక్కడే నిలబడి రాశాడు. "గీతల లోతు మూడు మిల్లీమీటర్లు. పట్టు సున్నా. ఈ బండి మీద తడి వాలు దిగమంటే, పడతానన్న భయంతో మేనేజరు గారు దిగలేదు. ఈ టైరును ఎంచినవాణ్ణి నేనే. ఎంతకాలం వస్తుందో చెప్పాను, జారుతుందని చెప్పలేదు. ఆ తప్పు నాది. బండి నడిపినామెది కాదు." కింద సంతకం పెట్టాడు. ఒక రైడరు వచ్చి పెన్ను అందుకుని సాక్షి సంతకం చేశాడు. అతని వెనక ఇంకొకడు. కాగితం ముందు వైపు నిండిపోతే వెనక్కి తిప్పారు.

"ఇది పైకి పంపితే నీ ఉద్యోగం ఉండదు" అన్నాడు మేనేజరు.

"ముప్పై సంతకాలున్నాయి సార్. మీరు పంపకపోతే మేమే పంపుతాం" అన్నాడు మొదట సాక్షి సంతకం చేసిన రైడరు.

ఒక ముసలి రైడరు తన బండి తోసుకొచ్చి స్టాండు వేశాడు. "నాది మార్చన్నా. నల్లబల్ల మీద నా పేరే ముందు రాసుకోమను. కానీ మూడు మిల్లీమీటర్లుందే, పారేస్తే వృథా కాదా?"

రబ్బరన్న చక్రం విప్పడానికి కూర్చున్నాడు. షెడ్డులో అందరికీ వినపడేలా చెప్పాడు.

"టైరు పుట్టిందే అరగడానికి, అన్నా. మన బదులు అది అరగాలి. అది అరగనని మొండికేస్తే, ఆ రోడ్డు మీద అరిగేది మనిషి."