ఓర్విల్ రాసిచ్చిన మంచి మాట

పెళ్ళయి ఆరు వారాలే అయింది. వంటగదిలో రెండు కాఫీ కప్పులు పక్కపక్కన కనిపిస్తే చాలు, లియాన్‌కి నవ్వొచ్చేది. ఆ ఉదయం మాత్రం పోస్టులో వచ్చిన కాగితం చదువుతూ పెనం మీద పాన్‌కేక్ మాడుతున్నా చూసుకోలేదు.

సైన్యంలో ఉండగా బాంబు పేలి ఆమె భర్త టోబిన్ నడుమూ తలా దెబ్బతిన్నాయి. ఇక ఏ ఉద్యోగమూ చేయలేనని మాజీ సైనికుల భృతికి అర్జీ పెట్టుకుంటున్నాడు. పని ఎందుకు మానేశాడో చివరి యజమాని రాసివ్వాలి. టైర్ల షాపు ఓర్విల్ ఇలా రాశాడు: "చాలా మంచి పనివాడు. పనిలో ఏ మినహాయింపూ ఇవ్వలేదు. తనంతట తానే మానేశాడు." ఇది ఇలాగే వెళితే అర్జీ కొట్టేస్తారని, అర్జీ చూస్తున్న ఆవిడ కింద చీటీ అంటించింది.

"ముసలాయన పొగిడి ముంచాడు," అన్నాడు టోబిన్.

"వెళ్ళి అడుగుదాం పద."

"ఏమని? నా పరువు తీయమనా?"

"జరిగింది రాయమని."

షాపులో ఓర్విల్ గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "మనవాడి గురించి సర్కారు కాగితంలో చెడ్డగా రాస్తానా అమ్మాయ్? నేనూ యూనిఫాం వేసినవాణ్ణే."

"చెడ్డగా వద్దండీ. వెనక గదిలో ఈయన తలనొప్పితో లైటార్పుకుని పడుకున్న రోజులు రాయండి. బరువులు ఎత్తనివ్వలేదని రాయండి. వేరే షాపువాళ్ళయితే ఎన్నాళ్ళు ఉంచుకునేవారు?"

"రెండు రోజులు," అని ఓర్విల్ తల దించుకున్నాడు. "కానీ వీడి ఎదురుగా రాయలేనమ్మా."

భర్త కారు దగ్గరికి వెళ్ళిపోతాడనుకుంది లియాన్. టోబిన్ నడుం పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"నేను చెప్తా, నువ్వు రాయి. వారానికి రెండు రోజులు నువ్వే ఇంటికి పంపేసేవాడివి."

"ఒకటే."

"బేరమాడకు. రెండు."

ఓర్విల్ రాశాడు. కొంతసేపటికి పెన్ను ఆగింది. "ఆ రోజు రెంచి విసిరావు కదా, అది?"

ఆ సంగతి లియాన్‌కి తెలియదు. టోబిన్ ఆమె వైపు చూశాడు. ఆమె తన స్టూలు అతని పక్కకి జరుపుకుంది.

"ఎవరి మీద?"

"టైరు మార్పించుకోడానికొచ్చిన బ్యాంకు మేనేజరు మీద," అన్నాడు ఓర్విల్. "తగల్లేదులే."

"అదీ రాయి," అన్నాడు టోబిన్. "తగల్లేదని కూడా."