పొలాల నాడు నీలి ఎద్దు

పొలాల అమావాస్య నాడు పొద్దు పొడిచేసరికి, ఎద్దుల పండగ ఊరేగింపులో ఊరి ఎద్దులన్నిటికీ ముందు నడవాల్సిన దేవన్న పటేల్ తెల్ల ఎద్దు కొమ్ముల మొదలు నుంచి తోక కుచ్చు దాకా నీలంగా మారిపోయి ఉంది.

ఎవరో ఆకతాయిగా నాలుగు చుక్కలు చిలకరించి పోయినట్టు లేదు. పండక్కి గోడకు వేసినంత శ్రద్ధగా, సందు లేకుండా పూశారు. మూపురం మీద రెండు పూతలు పడ్డాయి. చెవుల లోపల కూడా నీలమే. చుట్టూ ఊరంతా చేరి గోల పెడుతుంటే, ఎద్దు మాత్రం తనకేమీ పట్టనట్టు చెరకాకు నములుతోంది.

గోదావరి పండగ పోలెలకు పిండి కలుపుతుండగా స్వరూప ఉరికొచ్చింది. ముత్తన్న బిడ్డ. ఎనిమిదేళ్లుంటాయి, నోరు మాత్రం ఎనభై ఏళ్లది.

"అక్కా! జల్ది రా! పటేల్ ఎద్దును ఎవలో రంగుల ముంచిండ్రు. మొన్న మన రాజిగాన్ని ముంచినట్టె!"

గోదావరి పిండి పళ్లెం పక్కకు నెట్టింది. పిండి చేతులు కొంగుకే తుడుచుకుని లేచింది.

రాజిగాడు గోదావరి సృష్టే. సగం సృష్టి అనాలి. ఆమె పెనిమిటి చిన్నయ్య బోధన్‌లో కేబుల్ పని నేర్చుకొచ్చి ఊళ్లో డిష్షు పెట్టాడు. పన్నెండు ఇళ్లకు వైరు లాగాడు. పన్నెండూ రంగుల టీవీలే. రెండేళ్ల కింద, తొంభయ్యారులో, నిజామాబాద్ నుంచి ఒక డబ్బా నిండా బొమ్మల సినిమా క్యాసెట్లు తెచ్చాడు. అవి ఏ దేశానివో, ఏ భాషవో ఎవరికీ తెలియదు. అర్థం కాని ముక్క ఎవరు చూస్తారని, గోదావరి ఒక ఆదివారం డిష్షు గదిలో పాత టీవీ చూస్తూ, తన గొంతు వైర్ల మీద అన్ని ఇళ్లకూ పోయేలా మైకు ముందు కూర్చుంది. తెర మీద ఒక కోడెదూడ వాగు దూకబోతుంటే ఉండబట్టలేక, "ఆగురా రాజిగా! కాలిర్గితె నీ అవ్వ కట్టు గడ్తదా?" అంది.

ఆ పూట ఊరు నవ్వింది. ఆ తర్వాత రాజిగాడు లేకుండా ఊరికి ఆదివారం లేదు.

పదింటికి టీవీ ఉన్న ప్రతి ఇల్లూ నిండిపోయేది. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకునే వచ్చేవారు. చేతుల పని చేతులదే, కళ్లు మాత్రం టీవీకి అతుక్కుపోయేవి. తిననని మొరాయించే పిల్లలు "రాజిగాడు తిన్నడు సూడు" అంటే గుటుక్కున మింగేవారు. ఐతారం కూలికి పదకొండు కొట్టాకే వస్తామని నాట్లేసే వాళ్లు తెగేసి చెప్పారు. అన్నిటికన్నా వింత ముత్తన్న ఇంట్లో జరిగింది. ఎద్దును పొడిచే ముల్లుకర్రను స్వరూప గడ్డివాములో దాచేసింది. రెండు రోజులు వెతికి, దొరక్క, ముత్తన్న ఎద్దుల్ని "నడు నాయినా" అని బతిమాలుకుంటూ దున్నాడు. మూడో రోజు కర్ర దొరికినా బయటికి తీయలేదు.

కొట్టం దగ్గర జనాన్ని తోసుకుని గోదావరి ముందుకు పోయేసరికి దేవన్న పటేల్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వచ్చినవా? సూడు నీ టీవీ చేసిన ఘనకార్యం!"

"నేనేం జేసిన పటేలా?"

"మొన్న ఐతారం గా దూడను రంగు నీళ్లల్ల ముంచింది నువ్వు కాదూ?"

"నేను ముంచలే. బొమ్మల దాని తల్లి ముంచింది."

"చెప్పింది నువ్వే గద! పోరగాండ్లు సూసిండ్రు, జేసిండ్రు. ముల్లుకర్రలు దాసుడు, ఎద్దులకు ముద్దులు పెట్టుడు, ఇప్పుడు గిది! ఊరు ఊరే ఖరాబైంది. మా తాత కాలం నుంచి తోరణం కింద మొదలు నడిచేది మా ఎద్దే. గీ నీలి దయ్యాన్ని పట్కొని నేనెట్ల నడవాలె?"

ఎవరో వెనక నుంచి, "మంచిగనే ఉంది పటేలా, పెండ్లికొడుకు లెక్కుంది" అన్నారు. నవ్వులు లేచాయి. పటేల్ ముఖం ఇంకా ఎర్రబడింది.

"ఇను గోదావరీ. నాలుగింటికి తోరణం కడ్తరు. గంతల్ల ఏ పోరడు జేసిండో, ఏ పోరి జేసిందో నా ముంగట నిలబెట్టు. లేకుంటె నీ మొగడే పోల్ ఎక్కి, నీ మొగని చేతుల్తోటే వైరు తెంపాలె. పోరగాండ్లందరికీ వీపులు పగుల్తయ్. తర్వాత ఊళ్లె బొమ్మల్లేవ్, గిమ్మల్లేవ్!"

వైరు తెగితే ఒక్క ఇంటి వైరు తెగినట్టు కాదు. డిష్షు నిలబడ్డ స్థలం పటేల్‌ది, పోల్ పాతింది ఆయన గట్టు మీద. అది పోతే గోదావరి గొంతు పోయినట్టే.

ఎద్దు పక్కన నర్సింలు కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. ముప్పై ఏళ్లుగా పటేల్ కొట్టంలో ఉన్న ముసలి పాలేరు. టీవీ పేరెత్తితే చాలు ఉమ్మేసేవాడు. ఇప్పుడూ ఉమ్మాడు.

"అద్దాల డబ్బల బొమ్మలెగురుతె కడుపులు నిండుతయా? చెప్తె ఇన్నరా ఎవలన్న?" అన్నాడు. మళ్లీ పీచు అందుకున్నాడు. రంగు మాత్రం ఊడటం లేదు.

అరుగు మీద కూర్చున్న ఆత్మారాం ఇదంతా చూస్తూ తల అడ్డంగా ఊపుతున్నాడు. ధర్మాబాద్ పశువుల బేరగాడు. ఈ ఎద్దుకు జోడు పోయినేడు పాముకాటుతో చచ్చింది. ఒంటెద్దుతో సేద్యమేమిటని పటేల్ ట్రాక్టరు కొని, దీన్ని బేరం పెట్టాడు. పండగనాడు ఎద్దును అమ్మరు కాబట్టి, మర్నాడు తెల్లారి తోలుకుపోదామని ఆత్మారాం నిన్ననే వచ్చి దిగాడు.

"నకో, పటేల్, నకో! రంగు కింద గజ్జి ఉందో, గాయముందో ఎవలకెరుక? సంతల నా ముఖం మీద నవ్వుతరు. నాకొద్దు రే బాబా!"

గోదావరి ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగింది. దాని మూపురం తన భుజమంత ఎత్తు. ఏ పిల్లకు అందుతుంది? కొత్తవాళ్లు దగ్గరికి పోతే కుమ్మే ఎద్దు. పోయినేడు పశువుల డాక్టరునే గోడకు నొక్కింది. అలాంటిది, రాత్రి ఎవరో చెవిలో వేలు పెట్టి రంగు రుద్దుతుంటే కదలకుండా నిలబడింది.

ఇది పిల్లల పని కాదు. కాదని తనకు తెలిస్తే సరిపోతుందా? పటేల్‌కు మనిషి కావాలి.

పన్నెండు దాటింది. స్వరూపను వెంటబెట్టుకుని గోదావరి ఇల్లిల్లూ తిరిగింది. పిల్లల చేతులు చూసింది, గోళ్లు చూసింది, బట్టలు చూసింది. ఎక్కడా నీలం జాడ లేదు. నీలిమందు కొన్నదెవరని ఊళ్లోని రెండు దుకాణాల్లో అడిగింది. వారంగా ఒక్క పొట్లం పోలేదన్నారు. ఒంటిగంట. రెండు. ఎండ నెత్తి మీద చుర్రుమంటోంది. వీధి చివర చిన్నయ్య వైరు తెంపే పక్కడు చేతిలో పట్టుకుని ఉరికంబం ఎక్కబోయేవాడిలా పోల్ కింద కూర్చున్నాడు.

"ఏమన్న దొరికిందా?" అన్నాడు.

"నువ్వు ఎక్కకు. నేను చెప్పెదాకా ఎక్కకు!"

రెండున్నరకు ముత్తన్న ఇంటి ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి.

అరుగు మీద పిల్లలు పూజకు చేసుకున్న మట్టి ఎద్దులు ఎండకు పెట్టి ఉన్నాయి. ఇరవై పైనే. చీపురు పుల్లల కొమ్ములు, గురిగింజల కళ్లు. ఏటా చేసేవే. ఈ ఏడు మాత్రం వాటికి రంగు పూశారు. ఇరవైకి ఇరవై, అన్నీ ఆకుపచ్చ.

"స్వరూపా, గివేంది పచ్చగున్నయ్?"

"చిక్కుడాకు పసరు రుద్దినం. రాజిగాని లెక్క."

"రాజిగాడు నీలం గదనే?"

స్వరూప చప్పున నోరు మూసుకుంది. కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

"చెప్పు! ఏంది?"

"తిట్టవు గదా?"

"తిట్ట. ఒట్టు."

"నువ్వు మైకుల నీలం నీలం అన్నవక్కా. టీవీల పచ్చగుండె. మేమందరం నవ్వినం. నీకు చెప్తె సిగ్గువడి మాట్లాడుడు బంద్ వెడ్తవని... చెప్పద్దని ఒట్లేసుకున్నం."

గోదావరికి ముందు సిగ్గు వేసింది. మరుక్షణం ఆ పచ్చ ఎద్దుల వైపు మళ్లీ చూసింది.

ఆమె డిష్షు గదిలో ఉన్నది పాత నలుపు తెలుపు టీవీ. దూడ మునిగింది నల్లటి నీళ్లలా కనిపిస్తే, నోటికొచ్చిన రంగు చెప్పేసింది. ఊళ్లో పన్నెండు టీవీలూ రంగులవి. కళ్లతో చూసిన ప్రతివాడికీ అది ఆకుపచ్చ. పిల్లలకు పచ్చ, బీడీల ఆడవాళ్లకు పచ్చ. నీలం అని నమ్మే మనిషి ఊళ్లో ఒక్కడే ఉండాలి. బొమ్మ చూడకుండా ఆమె మాట మాత్రమే విన్న మనిషి.

పటేల్ టీవీ గది వెనక గోడ, కొట్టం గోడ ఒకటే. ఆ గోడకు ఒక కిటికీ ఉంది.

గోదావరి ఉరికింది. నాలుగడుగులు వేసి ఆగింది. పేరు చెప్పిందంటే ముసలాయన కొలువు పోతుంది. రంగు వట్టి నీలిమందేనని తేలిందా, ఎద్దును సబ్బుతో నాలుగుసార్లు కడిగించి ఆత్మారాం తోలుకుపోతాడు. చెప్పకపోతే ఇరవై మంది పిల్లల వీపులు, ఆమె మైకు. ఏం చేయాలి?

నాలుగైంది. మామిడాకుల తోరణం కట్టేశారు. డప్పులు వేడెక్కుతున్నాయి. ఎర్రటి, పసుప్పచ్చటి కొమ్ముల ఎద్దులు, గవ్వల పట్టెళ్లు, రంగు కాగితాలు, మెడ గంటల మోత. అన్నిటికీ ముందు, పటేల్ పక్కన, నీలి ఎద్దు. దాని తాడు పట్టుకుని నర్సింలు. పిల్లలందర్నీ ఒక వరసలో నిలబెట్టారు. కొందరు అప్పుడే ఏడుస్తున్నారు. పటేల్ గద్దిస్తే చిన్నయ్య పోల్ సగం దాకా ఎక్కాడు.

"దొరికిండా?" అన్నాడు పటేల్.

గోదావరి జనం మధ్యలోకి వచ్చి నిలబడింది. ముసలాయన పేరు తాను చెప్పదు. చెప్పాలో వద్దో ఆయనే తేల్చుకోవాలి.

"దొరకలే పటేలా. వైరు తెంపియ్యి. పోయేముందు పోరగాండ్లకు ఒక్కమాట చెప్పి పోత. రాజిగాడు ఏమైండో తెల్వకుంటె ఆళ్లకు నిద్ర పట్టది." పిల్లల వైపు తిరిగింది. గొంతు మైకు ముందు పలికినట్టే పలికింది. "ఇనుండ్రి పిల్లలూ. మొన్న ఉత్త చేతుల్తోటి పోయిన బేరగాడు మర్లొచ్చిండు. రాజిగాని మెడల తాడేసి, లారెక్కిచ్చి..."

"అబద్ధం!"

కేక పిల్లల వరస నుంచి రాలేదు. నీలి ఎద్దు పక్క నుంచి వచ్చింది.

"అబద్ధమాడుతవేందే గోదావరీ!" నర్సింలు తాడు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చాడు. "ఎట్ల పట్కపోతడు? ఎట్ల ఆనవాలు పడ్తడు? తల్లి నీలం నీళ్లల్ల ముంచింది గదా! బేరగాడు సూసి, గిది నేను కొన్నది కాదని మర్లిపాయె గదా! నువ్వే చెప్తివి గదా!"

డప్పు ఆగిపోయింది. పటేల్ మెల్లగా తల తిప్పి పాలేరు వైపు చూశాడు.

"నర్సింలూ... నువ్వు బొమ్మల సినిమా ఎన్నడు సూసినవ్ రా?"

నర్సింలు తల గుడ్డ తీసి చేతిలో నలిపాడు. పిల్లల వరస వైపు చూశాడు. అరుగు మీది ఆత్మారాం వైపు చూశాడు. తర్వాత పటేల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సూడలే పటేలా. ఇన్న. ముందుగాల గా పోల్ మీదున్నోన్ని దిగమను. పోరగాండ్లను ఇండ్లకు పొమ్మను. ఆళ్లు జెయ్యలే. నేనే జేసిన. నీ టీవీ అర్రల ఒక్కనాడన్న నేను అడుగు వెట్టిన్నా? వెట్టలే. ఐతారం పది గొట్టంగనే పేడ తీసుడు ఆపి, కిటికి కింద గోడకు ఈపానిచ్చి కూసుంటుంటి. రెండేండ్ల సంది ఒక్క ఐతారం తప్పలే. ముసలోడు పోరగాండ్ల బొమ్మలింటుండని నలుగురు నవ్వుతరని, పొద్దంత తిట్టుకుంట తిరిగిన. మొన్న బేరగాడు గా కోడెను పట్కపోతానికొచ్చిండని గోదావరి చెప్తుంటె నా పానం గిలగిల కొట్టుకున్నది. తల్లి నీలంల ముంచంగనే గోడ ఇవుతల నేనొక్కన్నే చప్పట్లు గొట్టిన పటేలా. ఎద్దు బెదిరి నా దిక్కు సూసింది. గప్పుడే అనుకున్న. ఊళ్లె కొంటె ఎరుకైతదని నవీపేట్ దాక నడిచిపోయి నీలిమందు తెచ్చిన. పొయ్యేటప్పుడు భయమైంది, వచ్చేటప్పుడు కాలే. రాత్రి చెవుల్ల సుత రుద్దిన, కండ్లల్ల పడకుంట చెయ్యి అడ్డం వెట్టిన. తప్పే. నీ ఇజ్జత్ తీసిన. కొడ్తె కొట్టు, ఎల్లగొడ్తె ఎల్లగొట్టు. గీ ఎద్దు పుట్టిన నాడు దాని తల్లి కొట్టంలనే పడి సచ్చిపాయె, నీకు యాదిలేదేమో. సీసతోటి పాలు తాపి సాదిన. బొమ్మల కోడెకు తల్లి ఉండె, ముంచింది. దీనికి ఎవలున్నరు? అందుకే నేను ముంచిన."