ఒక గడి పక్కకి

కౌంటర్ వెనక గుమాస్తా దరఖాస్తు తిప్పి చూసి, అద్దం కింది సందులోంచి వెనక్కి తోసేశాడు.

"నిన్నటితో అయిపోయిందమ్మా."

నాకు నవ్వొచ్చింది. తేదీల విషయంలో నాతో పెట్టుకుంటే ఎంతటివాడైనా ఓడిపోవాల్సిందే. పదకొండేళ్ళుగా మా ఇల్లు నా ఎక్సెల్ క్యాలెండర్ మీదే నడుస్తోంది. ముఖ్యమైన రోజు ఉన్న గడిలో ఎరుపు నింపుతాను. ఇంటిల్లిపాదీ ఫోన్లో చూసుకుని లేస్తారు, కూర్చుంటారు.

"పదిహేను కదండీ చివరి తేదీ? ఇవాళే," అన్నాను, కాస్త వెటకారంగానే.

ఆయన గోడమీద నోటీసు చూపించాడు. పద్నాలుగు అని ఉంది.

చెల్లెలు నా పక్కనే నిలబడి ఉంది. రైలు డ్రైవర్ల శిక్షణకి ముప్పై నిండనివాళ్ళనే తీసుకుంటారు. దానికి వచ్చే నెలలో నిండుతాయి. ఇక మళ్ళీ అవకాశం లేదు.

ఫోన్ తీశాను. ఎరుపు పదిహేను మీదే ఉంది. ఆరో తేదీ మీద ఉండాల్సిన అమ్మ పుట్టినరోజు ఎరుపు ఏడు మీద కనిపించింది. అప్పుడు వెలిగింది నా బుర్ర. పోయిన వారం మా ఆయన, "వారం ఆదివారంతో మొదలైతే తికమకగా ఉందే, సోమవారం నుంచి పెట్టు," అంటే, అదెంత పని అని మార్చేశాను. తేదీలన్నీ ఒక్కో గడి ఎడమకి జరిగాయి. నేను చేత్తో నింపిన రంగులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చేజేతులా చెల్లెలి కొంప ముంచాను.

"బాబ్బాబు, ఒక్క రోజేగా! తప్పు నాది, దానిది కాదు," అని బతిమాలాను.

"నా చేతుల్లో ఏముందమ్మా? కంప్యూటరే తీసుకోదు," అన్నాడు గుమాస్తా. పాపం, ఆయనా నొచ్చుకున్నాడు.

చెల్లెలు తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అది కాగితాలు ఒక్కొక్కటే కవర్లో పెట్టుకుంది.

"కంటి పరీక్ష సర్టిఫికెట్ మొన్న సాయంత్రమే వచ్చేసిందిగా అక్కా. నిన్న పొద్దున్నే వెళ్ళొచ్చేద్దామన్నాను. నువ్వే, ఎరుపు రేపు కదే, సెలవు పెట్టి నేనూ వస్తాను, నీకన్నీ తొందరే అన్నావు."

నేను ఫోన్ ఆర్పేసి బ్యాగులో పడేశాను.

"నిన్నంతా ఈ కవరు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగానే కూర్చున్నానక్కా," అంది.